కోరా, జాజ్ కలిపిన మా బ్యాండ్‌లో కోరా ఆయన మూగబోతున్నాడు, ఏం చేయాలి?

బాస్_తీగ
లండన్‌లో ఉంటాను. పగలు ఉద్యోగం, సాయంత్రం డబుల్ బాస్. ఎనిమిది నెలల కింద ఆరుగురం కలిసి ఒక బ్యాండ్ పెట్టుకున్నాం. కోరా అనే పశ్చిమ ఆఫ్రికా తీగ వాద్యం వాయించేది గాంబియా నుంచి వచ్చిన ఒకాయన, తరతరాలుగా పాట, వంశ కథలే వృత్తిగా ఉన్న జెలీ కుటుంబం. డ్రమ్స్ కుర్రాడి అమ్మానాన్నలది ఘనా. పియానో, టెనర్ శాక్సఫోన్, ట్రంపెట్ వాయించే ముగ్గురూ జాజ్ చదువుకుని వచ్చినవాళ్లు. లీడర్ అంటూ ఎవరూ లేరు. పాటలు అందరం కలిసి కట్టుకోవాలి, డబ్బు ఆరు సమాన వాటాలు అని మొదటి రోజే మాట అనుకున్నాం.

ఇప్పుడు జరుగుతున్నది ఏంటంటే, కోరా ఆయన రోజురోజుకీ వెనక్కి వెళ్లిపోతున్నాడు. పాటలన్నీ పియానో దగ్గరే పుడుతున్నాయి. రెండు బీట్లకో కార్డ్ (కలిసి పలికే స్వరాల గుంపు) మారుతుంది. కోరాకి 21 తీగలున్నా, సుమారు మూడు స్థాయిల్లో అవే ఏడు స్వరాలు. కార్డ్ మారి వేరే స్వరం వచ్చిందంటే ఆయన దగ్గర ఆ తీగే ఉండదు. నాలుగు బార్లు, అంటే నాలుగు ఆవర్తాలు వాయించి, తర్వాత ఎనిమిది బార్లు చేతులు ఆపుకుని కూర్చుంటున్నాడు.

పోయిన నెల కచేరీ అయ్యాక ఎవరో వచ్చి "వెనకాల ఆ హార్ప్ లాంటిది బాగుంది" అన్నారు. ఆయన నవ్వి థాంక్స్ చెప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు ట్రెయిన్‌లో నాతో ఒక్క మాట అన్నాడు. ఇంగ్లిష్‌లోనే అన్నాడు గానీ నాకు తెలుగులో వినబడింది: భోజనానికి పిలిచి గుమ్మం దగ్గర విస్తరి వేశారు అని. ఆయన్ని బ్యాండ్‌లోకి పిలిచింది నేనే. అప్పటి నుంచి మనసు మనసులో లేదు.

ఇలా రెండు సంప్రదాయాలు కలిపి వాయించినవాళ్లు, కనీసం బాగా విన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఎక్కడ మొదలుపెట్టాలి?

పియానో_పంతులు
తప్పు మొత్తం పియానో మీదకి తోసేయకండి. జాజ్‌లో కథ నడిపేది కార్డ్ కదలికే. అది తీసేస్తే మా చేతిలో ఏం మిగులుతుంది? కోరా వాళ్లు కూడా మారుతున్నారు. సెకు కెయిటా రెండు మెడల కోరా వాయిస్తాడు, ఒక్కో మెడకి ఒక్కో శ్రుతి. కొందరు హార్ప్‌కి ఉన్నట్టు మీటలు బిగించుకుంటున్నారు. మీ ఆయన్ని అడిగి చూడండి.

గోదారి_గట్టు
పంతులు గారూ, అంటే మళ్లీ కదలాల్సింది ఆయనేనా?

పియానో_పంతులు
ఇద్దరూ కదలాలి అంటున్నాను. ఒక్కరే కదలాలని నేను అనలేదు.

డకార్_మూడేళ్లు
ఉద్యోగం మీద సెనెగల్‌లో మూడేళ్లు ఉన్నాను. అక్కడ ఒక కోరా గురువు దగ్గర వారానికి రెండు సాయంత్రాలు కూర్చునేవాణ్ని. వాయించడం పెద్దగా రాలేదు గానీ వినడం వచ్చింది. బాస్_తీగ గారికి నాలుగు ముక్కలు.

కోరా అంటే పెద్ద ఆనపకాయ బుర్రని సగానికి కోసి, దాని మీద ఆవు తోలు బిగించి, నిలువుగా ఒక కర్ర దింపి, ఆ కర్రకి తీగలు కట్టిన వాద్యం. రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్లు, అంతే. నాలుగు వేళ్లతోనే మొత్తం సంగీతం. బొటనవేళ్లు కింద ఒక వరస తిప్పుతూ ఉంటాయి, దాన్ని కుంబెంగో అంటారు. పాటకి అదే నేల. దాని మీద చూపుడువేళ్లు పైనుంచి కిందికి జలపాతంలా దిగే పరుగులు తీస్తాయి, అవి బిరిమింతింగో. మన లెక్కలో చెప్పాలంటే మనోధర్మం అక్కడ ఉంటుంది. కుంబెంగో మాత్రం ఎక్కడికీ పోదు.

ఇక్కడే మీ బ్యాండ్ చిక్కంతా ఉంది. మీ పియానో అతను కార్డ్ మార్చిన ప్రతిసారీ ఆయన కాళ్ల కింద నేల లాగేస్తున్నాడు. నేల లేకుండా ఆయన ఎక్కడ నిలబడి పాడతాడు?

శ్రుతి సంగతి కూడా అడిగి తెలుసుకోండి. పాత కోరాలకి కర్ర చుట్టూ అల్లిన తోలు కట్లు ఉంటాయి, కోన్సో అంటారు. వాటిని పైకీ కిందికీ నెట్టి శ్రుతి చేస్తారు. కొత్తవాటికి గిటార్ మరలు. కోరా వాయించే మాండింకా జనానికి పేర్లున్న శ్రుతి పద్ధతులు నాలుగు ముఖ్యమైనవి: తొమొరా బా, తొమొరా మెసెంగో, హార్దినో, సౌతా. హార్దినో మన శంకరాభరణానికి దగ్గర. సౌతాలో మధ్యమం తీవ్రం, అంటే కల్యాణికి దగ్గర. దగ్గర అంటున్నాను, అచ్చంగా అదే కాదు. ఒక్కో వంశంలో, ఒక్కో మనిషి చెవిలో స్వరం కాస్త అటూ ఇటూ ఉంటుంది. పియానోతో పోల్చి అది అపశ్రుతి అని మీ కాలేజీ మిత్రులు ఎప్పుడూ అనకూడదు.

సొరకాయ_సంగీతం
నా హ్యాండిల్‌కి ఇన్నాళ్లకి న్యాయం జరిగింది. ఆనపకాయ అన్నా సొరకాయ అన్నా ఒకటే కదా.

గోదారి_గట్టు
మా జిల్లాలో ఆనపకాయే. పులుసులో పడితే దాని పేరు ఎవరికీ గుర్తుండదు లెండి.

నీలి_స్వరం
డకార్ గారు చెప్పిన నేల మాట బాగుంది. ఇది ఇంతకు ముందే చేసి చూపించినవాళ్లు ఉన్నారు, బాస్_తీగ అన్నా. వరసగా వినండి.

1970ల చివర్లో షికాగోలో మాండింగో గ్రియో సొసైటీ అని ఒక బ్యాండ్. గాంబియా నుంచి వచ్చిన ఫోడే మూసా సూసో కోరా, ఆడమ్ రుడాల్ఫ్ చేతి వాద్యాలు, హమీద్ డ్రేక్ డ్రమ్స్. 1978లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో డాన్ చెర్రీ ట్రంపెట్ వాయించాడు. మీ బ్యాండ్‌కి సరిగ్గా పెద్దన్న వరస. తర్వాత అదే సూసోతో హెర్బీ హాంకాక్ 1985లో విలేజ్ లైఫ్ చేశాడు. ఇద్దరే ఇద్దరు. హాంకాక్ అక్కడ పియానో పట్టుకోలేదు. యమహా సింథసైజర్‌ని కోరా శ్రుతికి సరిచేసుకుని కూర్చున్నాడు. ప్రపంచంలో ఆయన కంటే ఎక్కువ కార్డ్‌లు తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారు? అంతటివాడు ముందు తన వాద్యం శ్రుతి మార్చుకున్నాడు.

1995లో హాంక్ జోన్స్ సరాలా. అప్పటికి ఆయనకి డెబ్బై అయిదు దాటాయి. మాలీ సంగీతకారుడు చెక్ టిడియాన్ సెక్ బృందంతో చేశాడు. ఆ పెద్దాయన ఎంత తక్కువ వాయిస్తాడో చూడండి. ఖాళీ దొరికిన చోట రెండు స్వరాలు పెడతాడు, మళ్లీ వింటాడు. 2002లో ట్రాంబోన్ రాస్‌వెల్ రడ్, కోరా తుమానీ జబాతే కలిసి మాలీకూల్ చేశారు. అందులో జాజ్ పియానో ఆయన థెలోనియస్ మంక్ పాట ఒకటి ఉంది, కోరా మీద. కాబట్టి కోరాకి జాజ్ బాణీ పలకదన్నది అబద్ధం. ఏ పాట ఎంచుకుంటామన్నదే అసలు విషయం.

తుమానీ 2024 జులైలో పోయాడు. 58 ఏళ్లే. ఆ రాత్రి మా ఇంట్లో తెల్లారేదాకా ఆయన మొదటి సోలో ఆల్బమ్ 1988 నాటి కైరానే తిరిగింది.

బాస్_తీగ
సరాలా విన్నాను గానీ ఈ చెవితో వినలేదు. ఈ రాత్రి మళ్లీ వింటాను. డకార్ గారూ, నేల లాగేయడం అన్న మాట మా గ్రూప్‌లో అలాగే చెప్పాను. పియానో అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మంచి మనిషే, ఆయనకి చెడు ఉద్దేశం ఏమీ లేదు.

శుద్ధ_స్వరం
నాకు ఈ కలగూరగంప సంగీతం మీద నమ్మకం లేదు. కోరా వినాలంటే కోరానే వినాలి, జాజ్ వినాలంటే జాజ్. కలిపితే రెండూ పలచబడతాయి. ఏడు వందల ఏళ్ల నాటి రాజుల కథలు పాడే వాద్యాన్ని తెచ్చి బార్లో శాక్సఫోన్ పక్కన కూర్చోబెడితే అది గౌరవమా?

నీలి_స్వరం
జాజ్ ఎక్కడి నుంచి వచ్చిందండీ మరి? సెనెగాంబియా, అంటే సెనెగల్, గాంబియా ప్రాంతం నుంచి ఓడల్లో బంధించి తీసుకెళ్లినవాళ్లు చాలామంది లూసియానాలో దిగారు. న్యూ ఆర్లీన్స్‌లో కాంగో స్క్వేర్ అనే మైదానంలో ఆదివారాలు డోళ్లు కొట్టి ఆడినవాళ్లలో వాళ్లూ వాళ్ల పిల్లలూ ఉన్నారు. తొలినాళ్ల జాజ్ బ్యాండ్లలో బ్యాంజో ఉండేది. ఆ బ్యాంజో పూర్వీకులు పశ్చిమ ఆఫ్రికాలో బుర్ర మీద తోలు బిగించిన తీగ వాద్యాలే. ఆ ప్రాంతపు జోలా జనం వాయించే అకోంటింగ్ చూస్తే మీకే తెలిసిపోతుంది. ఇది కలగూరగంప కాదు. చిన్నప్పుడు తప్పిపోయిన అన్నదమ్ములు ముసలితనంలో ఎదురుపడినట్టు. ముఖాలు మారాయి, మాట మారింది, అందుకే మొదట ఇబ్బంది.

శుద్ధ_స్వరం
ఆ చరిత్ర నాకు తెలుసు. ఎదురుపడిన అన్నదమ్ముల్లో ఒకడు మాట్లాడుతుంటే ఇంకోడు గుమ్మం దగ్గర కూర్చున్నాడు అనే కదా అసలు పోస్ట్. నా బాధా అదే.

డకార్_మూడేళ్లు
ఈ మాటకి నేను శుద్ధ_స్వరం గారి వైపే. కానీ బార్ సంగతి మాత్రం ఒప్పుకోను. బమాకోలో 1970లో మొదలైన రైల్ బ్యాండ్ వాయించింది స్టేషన్ హోటల్లో. అదే ఏడాది డకార్‌లో ఆర్కెస్ట్రా బావోబాబ్ పుట్టింది ఒక నైట్ క్లబ్‌లో. జెలీల పాత పాటలే శాక్సఫోన్లతో, ఎలక్ట్రిక్ గిటార్లతో పాడారు. అక్కడి జనమే డాన్స్ చేశారు. గినీలో 1961లో బెంబేయా జాజ్ మొదలైంది. పేరులో జాజ్ ఉంది గానీ అమెరికా జాజ్ కాదు, అక్కడ ఆ రోజుల్లో జాజ్ అంటే కొత్త తరహా డాన్స్ ఆర్కెస్ట్రా అని అర్థం. సేకు తూరే ప్రభుత్వం వాళ్లకి జీతాలిచ్చి మరీ పోషించింది. వాళ్ల సంప్రదాయాన్ని వాళ్లు ఎప్పుడూ గాజు బీరువాలో పెట్టలేదు.

రెండో_కాలం
మృదంగం నేర్చుకున్నవాణ్ని. ఇక్కడ అందరూ స్వరం గురించే మాట్లాడుతున్నారు, తాళం ఎవరూ ఎత్తలేదు. నా అనుమానం ఏంటంటే బాస్_తీగ గారి బ్యాండ్‌లో సగం గొడవ డ్రమ్స్ దగ్గర ఉండి ఉంటుంది.

ఘనా, టోగో వైపు ఎవే జనం గాంకోగుయి అనే ఇనప గంట మీద వాయించే ఒక వరస ఉంది. 12 చిన్న అక్షరాలు, అందులో ఏడు దెబ్బలు:

ట . ట . ట ట . ట . ట . ట

చేత్తో బల్ల మీద కొట్టి చూడండి. కాలితో నాలుగు వేయండి, మూడు అక్షరాలకొకటి. తర్వాత ఆరు వేయండి, రెండు అక్షరాలకొకటి. రెండూ సరిపోతాయి. అక్కడివాళ్లకి రెండూ ఒకేసారి వినిపిస్తాయి. మనం చతురశ్రం నుంచి తిశ్రానికి మారి, వెనక్కి వస్తాం. వాళ్లు మారరు, రెండింట్లోనూ ఒకేసారి ఉంటారు. జాజ్ డ్రమ్మర్ అలవాటుగా రెండో బీట్ మీద, నాలుగో బీట్ మీద హైహ్యాట్ (కాలితో మూసే తాళాల జత) వేసేస్తే ఆ రెండో తలుపు మూసుకుపోతుంది. కోరా కుంబెంగోలు కూడా చాలావరకు ఇలాగే రెండు విధాలుగా వినబడతాయి. మీ కోరా ఆయన ఒక చోట సమం అనుకుంటుంటే మీ పియానో అతను ఇంకోచోట ఎత్తుకుంటూ ఉండవచ్చు. ముందు ఎడుపు, అంటే ఎత్తుకునే చోటు ఎక్కడో ఆరుగురూ ఒప్పుకున్నారా?

ఇంకొక సరదా సంగతి. ఆ దెబ్బల మధ్య దూరాలు లెక్కపెట్టండి: 2 2 1 2 2 2 1. ఇప్పుడు శంకరాభరణం స్వరాల మధ్య దూరాలు లెక్కపెట్టండి.

సొరకాయ_సంగీతం
అయ్య బాబోయ్. అచ్చు అదే. స రి గ మ ప ద ని స.

పియానో_పంతులు
ఇది నాకు తెలియదు. పొద్దున్నుంచి ఆఫీసులో బల్ల మీద కొడుతూనే ఉన్నాను, పక్క సీటు అమ్మాయి సీటు మారిపోయింది.

బాస్_తీగ
రెండో_కాలం గారూ, మీరు మా గదిలో ఉండి చూసినట్టే రాశారు. డ్రమ్స్ కుర్రాడు రెండు, నాలుగే వేస్తున్నాడు. అడిగితే చెప్పాడు, ఇంట్లో నాన్న గంట వాయించేవాడట, కాలేజీలో అది మర్చిపోయి స్వింగ్ నేర్చుకున్నానని. చెప్పేటప్పుడు అతని ముఖం చూడాల్సింది.

నీలి_స్వరం
ఆ కుర్రాడికి ఇద్దరి పేర్లు చెప్పండి. ఒకరు గై వారెన్, ఘనా మనిషి, తర్వాత కోఫీ ఘనాబా అని పేరు మార్చుకున్నాడు. ఇ.టి. మెన్సా వాళ్ల టెంపోస్ బ్యాండ్‌లో వాయించి, అమెరికా వెళ్లి 1956లో ఆఫ్రికా స్పీక్స్, అమెరికా ఆన్సర్స్ అని ఆల్బమ్ చేశాడు. పేరులోనే మీ సమస్యకి మందుంది, మొదట మాట్లాడేది ఎవరో చూడండి. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అక్రా వెళ్లింది కూడా ఆ ఏడాదే.

ఇంకొకరు టోనీ అలెన్, లాగోస్. 1940లో పుట్టి 2020లో పారిస్‌లో పోయాడు. మాక్స్ రోచ్ పత్రికలో రాసిన హైహ్యాట్ పాఠం చూసి సొంతంగా సాధన చేశాడు. ఆర్ట్ బ్లేకీ అంటే ప్రాణం. ఆ జాజ్ చేతులతో యోరుబా తాళాలు, హైలైఫ్ అనే పశ్చిమ ఆఫ్రికా డాన్స్ సంగీతం కలిపి ఫెలా కుటీతో ఆఫ్రోబీట్ నిలబెట్టాడు. నాలుగు అవయవాలు నాలుగు మాటలు మాట్లాడతాయి, ఒకదాని మీద ఒకటి అరవవు. 2017లో బ్లూ నోట్ నుంచి ది సోర్స్ వచ్చింది. ఆ కుర్రాడు నేర్చుకున్న స్వింగ్ వదిలేయక్కర్లేదు, నాన్న గంటని పక్కన పెట్టుకుంటే చాలు.

చార్మినార్_చిన్నోడు
మన హైదరాబాద్ మర్ఫా కూడా ఆఫ్రికా దెబ్బే కదా. బారాత్‌లో మర్ఫా పడితే కాళ్లు ఆగవు. మీ బ్యాండ్‌లో అది కూడా కలపండి భాయ్.

డకార్_మూడేళ్లు
చిన్నోడా, మర్ఫా నాకూ ఇష్టమే. కానీ అది వేరే దారి. నిజాం సైన్యంలోకి వచ్చిన యెమెన్ హద్రమౌత్ అరబ్బులు, సిద్దీలు తెచ్చింది. సిద్దీల పూర్వీకులు ఎక్కువగా తూర్పు ఆఫ్రికా. కోరా పశ్చిమ కొస. ఒకే ఖండం గానీ గాంబియా నుంచి ఇథియోపియా అంటే మన దగ్గర్నుంచి అరేబియా దాటి పోయినంత దూరం. ఆఫ్రికా అని ఒకే గంపలో వేయకూడదు.

చార్మినార్_చిన్నోడు
సరే అన్నా. కానీ బారాత్‌కి మాత్రం పిలుస్తా.

వాన_వెలిసాక
నాకు సంగీతం రాదు, వినడమే. జెలీ గురించి చదువుతుంటే చిన్నప్పుడు మా ఊరికి వచ్చే పిచ్చుకుంట్ల వాళ్లు గుర్తొచ్చారు. వాకిట్లో నిలబడి మా ఇంటిపేరు, గోత్రం, ముత్తాతల పేర్లు గుక్కతిప్పుకోకుండా చెప్పేవాళ్లు. మా నాన్నకే తెలియని పేర్లు. ధాన్యం కొలిచి ఇచ్చేవాళ్లు, అది దానం కాదు, ఊరి మీద వాళ్ల హక్కు అని నానమ్మ అనేది. జెలీలూ అంతేనా?

డకార్_మూడేళ్లు
చాలా దగ్గర పోలిక అమ్మా. 13వ శతాబ్దంలో సుండియాటా కెయిటా మాలీ సామ్రాజ్యం కట్టిన కథ రాతలో కాదు, జెలీల నోట్లో బతికింది. జబాతే, కుయాతే, సిసోకో లాంటి ఇంటిపేర్లు వినగానే జెలీ అని తెలుస్తుంది. కెయిటా రాజవంశం పేరు. అందుకే సలీఫ్ కెయిటా పాటగాడు అవుతానంటే ఇంట్లో ఒప్పుకోలేదు, రాజులు పాడించుకోవాలి గానీ పాడకూడదని. కోరా తండ్రి నుంచి కొడుక్కి వచ్చే విద్య. సోనా జోబార్తే లాంటి స్త్రీ వేదిక మీద కోరా పట్టుకోవడం ఈ మధ్య కాలపు మార్పు.

బాస్_తీగ గారూ, అందుకే మీ ఆయన్ని హార్ప్ లాంటిది వాయించేవాడిగా చూస్తే ఆయన వెనకున్న ఆ జనమంతా కనబడరు. ఆయన పాడతాడా? అడిగారా ఎప్పుడైనా?

బాస్_తీగ
ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా అడగలేదు. రాస్తుంటేనే సిగ్గుగా ఉంది.

సౌండ్_బల్ల
కచేరీలకి మైకులు పెట్టేవాణ్ని. ఒక చిన్న విషయం, కానీ పెద్దది. పాత కోరాలకి తీగల వంతెన దగ్గర ఒక పల్చటి రేకు తగిలిస్తారు, అంచున చిన్న చిన్న రింగులు. తీగ మోగితే అది జుమ్మని పలుకుతుంది. అక్కడి చెక్క పలకల వాద్యం బాలాఫోన్‌కి అయితే చెక్కల కింద కట్టిన బుర్రలకి చిల్లులు పెట్టి సాలీడు గుడ్ల గూటి పొర అంటిస్తారు, అదే పలుకు కోసం. మా లాంటివాళ్లకి అది కేబుల్ పాడైన శబ్దంలా వినబడుతుంది. నేను కూడా ఒకసారి ఆ పౌనఃపున్యం మొత్తం కోసేశాను. వాయించే ఆయన ఏమీ అనలేదు గానీ ఆ రోజు ముభావంగా వాయించాడు. తర్వాత తెలిసింది, మనం తంబురా తీగ కింద దారం పెట్టి జీవ తెప్పించినట్టే అది కూడా అని. తంబురా జీవ కోసేస్తే ఎవరైనా ఊరుకుంటారా?

ఇంకొకటి. కోరా మెత్తని వాద్యం. డ్రమ్ సెట్, ట్రంపెట్ పక్కన పెట్టి వాల్యూమ్ పెంచితే ఆ బుర్రే ఊళ పెడుతుంది. బుర్రకున్న రంధ్రం దగ్గర చిన్న మైక్ ఒకటి, వంతెన మీద పికప్ ఒకటి, రెండూ కలపండి. డ్రమ్స్ ఆయన కర్రలు మార్చి బ్రష్‌లు పడితే ఇంకా మేలు. ట్రంపెట్‌కి మ్యూట్.

పియానో_పంతులు
రెండు రోజులుగా ఆలోచించాను. మొదట రాసినది కొంత వెనక్కి తీసుకుంటున్నాను. జాజ్ వాడిగా పనికొచ్చే మాట ఒకటి చెప్తాను.

కోరాలు ఎక్కువగా ఎఫ్ దరిదాపుల్లో, అంటే మన నాలుగు శ్రుతిలో ఉంటాయి. ఎఫ్ మీద సౌతా పెడితే పియానో మీద అన్నీ తెల్ల మెట్లే. అవే స్వరాలు డి నుంచి మొదలుపెడితే జాజ్‌లో డి డోరియన్ అనే స్వర వరస. మైల్స్ డేవిస్ 1959లో చేసిన సో వాట్ మొదటి పదహారు బార్లు, చివరి ఎనిమిది బార్లు పూర్తిగా అదే. మధ్యలో ఎనిమిది బార్లే అర మెట్టు పైకి వెళ్తుంది. అంటే 32 బార్లలో 24 కోరా ఆయన హాయిగా ఉండొచ్చు. ఆ ఎనిమిది బార్లు ఆయన ఆగితే, అది పాటలో రాసుకున్న ఆగడం. తిరిగి వచ్చేటప్పుడు ఆ రాకడకి విలువ ఉంటుంది.

మైల్స్ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు, గినీ వాళ్ల బాలే ఆఫ్రికెన్ నాట్య బృందం ప్రదర్శన చూసి, అక్కడ విన్న వేలి పియానో ధ్వని మనసులో పెట్టుకుని ఆ ఆల్బమ్ మొదలుపెట్టానని. కాబట్టి కార్డ్‌లు తగ్గించుకోవడం జాజ్‌కి అన్యాయం కాదు. జాజ్‌లో అతి గొప్పవాళ్లు అటే వెళ్లారు. ఇది నేనే ముందు గుర్తు తెచ్చుకోవాల్సింది.

కీబోర్డ్ అయితే స్వరానికో శ్రుతి మార్చుకునే సదుపాయం చాలావాటిలో ఉంటుంది. కోరా తీగలు ఒక్కొక్కటీ కొలిచి అలా పెట్టుకోండి. బాలాఫోన్ కలిపే ఆలోచన ఉంటే మాత్రం జాగ్రత్త. మాండే బాలాఫోన్‌లో స్థాయిని దాదాపు ఏడు సమభాగాలు చేస్తారు, ఒక్కో మెట్టు 171 సెంట్ల (స్వరాల మధ్య దూరానికి కొలత) దగ్గర. పియానోలో 100 లేదా 200. ఆ రెండింటికీ మధ్య రాజీ లేదు, ఎవరో ఒకరు ఆగాలి.

గోదారి_గట్టు
పంతులు గారికి వెయ్యి దండాలు. మా పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ రిమెంబర్ శక్తి బ్యాండ్‌లో వాయిస్తుంటే అంత సుఖంగా ఎందుకుండేదో ఇప్పుడు అర్థమవుతోంది. జాన్ మెక్‌లాఫ్లిన్ డెబ్బైల్లోనే గిటార్ మెట్ల మధ్య చెక్క తవ్వించుకుని గమకం కోసం చేతిని మార్చుకున్నాడు. మనవైపు ముందు నడిచి వచ్చాడు.

వాటా_ఎంత
పేర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను. పదేళ్ల కింద ఒక ఫ్యూజన్ గ్రూప్‌లో ఉండేదాన్ని. మా నాదస్వరం పెద్దాయన ఇచ్చిన బాణీ మీద పాట కట్టాం. రికార్డ్ వచ్చాక చూస్తే స్వరకల్పన దగ్గర కీబోర్డ్ అతని పేరు, పెద్దాయన పేరు "సహకారం" అన్న చోట. కంపెనీ వాళ్లని అడిగితే కాగితం మీద అలాగే ఉంది అన్నారు. ఆయన మళ్లీ మా మొహం చూడలేదు.

మీది డబ్బు సమాన వాటా అంటున్నారు, అది కచేరీ డబ్బు. పాట ఎవరి పేరు మీద నమోదవుతుంది? పాత జెలీ బాణీ అయితే సంప్రదాయం అని రాసి, అరేంజ్‌మెంట్ దగ్గర పేర్లు పెడతారు. ఆ పేర్లలోనే అసలు వాటా ఉంటుంది. రికార్డింగ్‌కి ముందే కూర్చుని రాసుకోండి. స్నేహం ఉంది కదా అని వదిలేయకండి.

శుద్ధ_స్వరం
ఈ థ్రెడ్‌లో అన్నిటికంటే ముఖ్యమైన పోస్ట్ ఇదే.

రెండో_కాలం
మేడమ్, ఆ పెద్దాయన ఇప్పుడు?

వాటా_ఎంత
లేరండీ. ఆ బాణీ మాత్రం నాకు కంఠతా వచ్చు.

బాస్_తీగ
ఆదివారం రిహార్సల్ అయింది. అందరికీ చెప్పాలని వచ్చాను.

పియానో గది వదిలేసి కీబోర్డ్ ఉన్న చోటుకి వెళ్లాం. శ్రుతి చేయడానికే యాభై నిమిషాలు పట్టింది. కోరా ఆయన ఒక్కో తీగ మీటుతుంటే మా పియానో అతను కొలిచి రాసుకున్నాడు. రెండు స్వరాల దగ్గర "ఇది కొంచెం తక్కువ ఉందే" అని మొదలుపెట్టి, తనే ఆగిపోయి, అలాగే పెట్టాడు.

తర్వాత ఇరవై నిమిషాలు ఎవరం ఏమీ వాయించలేదు. కుంబెంగో ఒక్కటే. అది సౌతా అని ఆయనే చెప్పాడు, నేను అడగకుండానే. డ్రమ్స్ కుర్రాడు సంచిలోంచి గంట తీశాడు. నాన్నదట, శనివారం ఇంటికెళ్లి తెచ్చుకున్నాడు. ఎడుపు దగ్గర నిజంగానే గొడవ బయటపడింది. మేము నలుగురం ఒకచోట ఒకటి అనుకుంటున్నాం, వాళ్లిద్దరూ వేరేచోట. ఎనిమిది నెలలుగా ఇలాగే వాయిస్తున్నాం! పాదంతో వేసి చూపించమంటే ఆయన లేచి నడిచి చూపించాడు, గది ఆ చివర నుంచి ఈ చివరకి.

పియానో అతను ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కుడి చేత్తో రెండేసి స్వరాలు వేశాడు. శాక్సఫోన్ ఆమె మొదట పొడుగు పొడుగు పరుగులు తీసి, బిరిమింతింగో రెండు సార్లు విన్నాక పైనుంచి కిందికి దిగడం మొదలుపెట్టింది. ఆ జవాబు విని ఆయన నవ్వాడు. పాడతారా అని అడిగాను. పాడాడు. వాళ్లమ్మ పాడేదట. గొంతు ఇంత పెద్దదని మాకెవరికీ తెలియదు.

పేర్ల విషయం తేలలేదు. ఆరు పేర్లూ రాద్దాం అని నేనన్నాను, పియానో అతను ఒప్పుకున్నాడు. కోరా ఆయనే ఒప్పుకోలేదు. బాణీ వాళ్ల నాన్న వాయించిన పద్ధతిలో ఉంది కాబట్టి ముందు ఆ సంగతి రాసి, తర్వాత మన పేర్లు రాయమన్నాడు. అది ఎక్కడ, ఎలా రాయాలో కనుక్కుంటున్నాం. వాటా_ఎంత గారూ, మీకు ఒక మెసేజ్ పెట్టాను, వీలైతే చూడండి.

వాటా_ఎంత
చూశాను. రాత్రికి వివరంగా రాస్తాను. అప్పటిదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

రెండో_కాలం
గంట తెచ్చిన కుర్రాడికి నా తరఫున చెప్పండి. ఇంతకీ బాస్ ఏం వాయించింది?

బాస్_తీగ
కుంబెంగోలో ఎడమ బొటనవేలు వరస నాకిచ్చాడు. ఐదే స్వరాలు. వారమంతా సాధన చేస్తున్నాను, నాలుగోది ఇప్పటికీ ముందే పడిపోతోంది. వచ్చే ఆదివారం రికార్డ్ చేసి ఇక్కడ పెడతాను.

సౌండ్_బల్ల
పెట్టండి. రేకు జుమ్మనడం మాత్రం కోసేయకండి.